రివ్యూయర్ ‘ఇంగ్లీషు బాగాలేదు’ అన్నాడంటే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకూ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ బైపీసీ నుంచి పేరుకి ఇంగ్లీషు మీడియమే గానీ, లెక్చరర్లు పాఠం తెలుగులో చెప్పి నోట్సు ఇంగ్లీషులో ఇచ్చేవారు. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల, ఉండి మండలాల్లోని వనామీ రొయ్యల చెరువుల మీద నా పని. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోవడానికీ రొయ్య ఎదుగుదలకీ ఉన్న సంబంధం చూస్తున్నాను. మొదటి పేపరు ఒక విదేశీ జర్నల్‌కి పంపితే సవరించమని తిప్పి పంపారు. ఒక రివ్యూయర్ “ఇంగ్లీషు మొత్తం బాగుచేయాలి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారితో దిద్దించండి” అని రాశారు. మా గైడ్ గారు కూడా “ముందు ఇంగ్లీషు నేర్చుకుని రా” అన్నారు. రెండు నెలలు గడువుంది. ఒక ఏజెంటు పద్దెనిమిది వేలకి మొత్తం తిరిగి రాసి పెడతానంటున్నాడు. తెలుగులో రాసుకుని ఇంగ్లీషులోకి మార్చుకోమని ఫ్రెండ్ అంటోంది. ఏఐతో రాయించేయమని మా తమ్ముడు అంటున్నాడు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదేమో. నా మొదటి పేజీ, రివ్యూయర్ల వ్యాఖ్యలు జత చేస్తున్నాను. దారి చూపించండి.
ఒక రీసెర్చ్ స్కాలర్, కోనసీమ

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం పక్కన పెట్టి ముందు రివ్యూయర్ల వ్యాఖ్యలు చదివాను. ‘ఇంగ్లీషు బాగుచేయాలి’ అన్న వాక్యం దగ్గరే నువ్వు ఆగిపోయినట్టున్నావు. దాని కింద ఆయన నంబర్లు వేసి మరీ చాలా అడిగాడు. “100 కౌంట్ అంటే ఏమిటి?” “ఆక్సిజన్ ఏ వేళప్పుడు కొలిచారు?” “ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఎన్ని, రాత్రి ఎన్ని గంటలు తిరిగాయి?” “ఎదుగుదల తగ్గడానికి ఆక్సిజనే కారణమని ఎలా తేల్చారు? మేతలో తేడా కావచ్చు కదా?” “ఈ పని ఎందుకు చేయాల్సి వచ్చిందో ఐదో పేరా దాకా తెలియలేదు.” వీటిలో వ్యాకరణం ఏది? లండన్ నుంచి మనిషిని పిలిపించి దిద్దించినా ఆ మనిషి వీటికి జవాబు చెప్పలేడు. తెల్లారగట్ట టార్చిలైటు పట్టుకుని ఆ గట్ల మీద తిరిగినదానివి నువ్వు. జవాబులు నీ దగ్గరే ఉన్నాయి, పేపర్లోకి రాలేదంతే.

చదవడానికి కష్టంగా ఉన్న పేపర్‌ని రివ్యూయర్లు గంపగుత్తగా ‘లాంగ్వేజ్’ ఖాతాలో వేసేస్తారు. వాళ్లకీ టైముండదు. దాన్ని విడదీసి చూసుకోవాల్సింది మనం. నీ పేజీని విడదీస్తే నాకు కనిపించింది ఇది: చెప్పాల్సిన మాట ఆలస్యంగా వస్తోంది, వచ్చాక మోతాదు మించి వస్తోంది, మన డెల్టా లెక్కలు బయటివాడికి అర్థం కాకుండా ఉన్నాయి. వ్యాకరణం తప్పులు నాలుగో స్థానంలో ఉన్నాయి, అవీ రకరకాలు కావు, ఒకే మూడు నాలుగు తప్పులు మళ్లీ మళ్లీ పడ్డాయి. అందుకని రెండు నెలలూ వ్యాకరణం పుస్తకం ముందేసుకుని కూర్చోకు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌లో అసలే చేరకు, దాని పని వేరు.

ఇంగ్లీషు మీడియం బెంగ కూడా ఇక్కడే వదిలెయ్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదివిన పిల్లల డ్రాఫ్టులూ నా దగ్గరికి వస్తాయి. వాళ్లు గలగలా మాట్లాడతారు, నిజమే. రాతకొచ్చేసరికి నువ్వు మొదలుపెట్టినట్టే మొదలుపెడతారు.

ఎలా మొదలుపెట్టావో చూద్దాం. “ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్, ఆక్వాకల్చర్ ఈజ్ ప్లేయింగ్ ఎ వైటల్ రోల్ ఇన్ ద ఎకానమీ ఆఫ్ అవర్ కంట్రీ.” ఇది ఎక్కడిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటర్‌లో ఎస్సేల కోసం బట్టీపట్టిన ఎత్తుగడ. కంప్యూటర్లకీ కాలుష్యానికీ జనాభాకీ కూడా ఇదే వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇక్కడ మాత్రం అది తప్పు కూడా. అనాదిగా అంటున్నావు, నీ చెరువుల్లో ఉన్న వనామీని మన దేశంలో వాణిజ్యంగా పెంచుకోవడానికి అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందున్నది టైగర్ రొయ్య, దాన్ని 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ ఎలా ఊడ్చేసిందో మీ నాన్నగారి తరాన్ని అడిగితే చెబుతారు. ఆ ఒక్క వాక్యంతోనే రివ్యూయర్‌కి నీ మీద నమ్మకం కొంత పోయింది. ఆ తర్వాత ప్రపంచం, ఆసియా, ఇండియా, ఆంధ్రప్రదేశ్ అన్నీ తిరిగి కాళ్ల మండలానికి వచ్చేసరికి పేజీ అయిపోయింది.

రీసెర్చ్ పేపర్ల ఇంట్రడక్షన్లు ఎలా నడుస్తాయో పరిశీలించి జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో ఒక నమూనా చెప్పాడు. ప్రపంచమంతా అకడమిక్ రైటింగ్ పాఠాల్లో ఇప్పటికీ దాన్నే చెబుతారు. మూడు అడుగులు. ఈ విషయంలో ఇప్పటిదాకా ఏం తెలుసు అన్నది మొదటిది. ఏం తెలియదు, ఎక్కడ ఖాళీ ఉంది అన్నది రెండోది. ఆ ఖాళీలో ఈ పేపరు ఏం చేస్తోంది అన్నది మూడోది. నీ పేపర్‌కి ఇలా వస్తుంది:

“ఆక్సిజన్ బాగా తగ్గితే వనామీ మేత మానేస్తుందనీ, ఎదుగుదల మందగిస్తుందనీ ట్యాంకుల్లో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. రైతుల మట్టి చెరువుల్లో, కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన రాత్రుల్లో ఏమవుతుందో కొలిచిన పని తక్కువ. మేం కాళ్ల, ఉండి మండలాల్లోని చెరువుల్లో ఒక పంటకాలం పొడుగునా తెల్లవారుజాము ఆక్సిజన్‌నీ, వారం వారం రొయ్య బరువునీ కొలిచాం.”

మూడు వాక్యాలు. ఒక్కోదాన్నీ ఒక్కో పేరాగా పెంచు, మధ్యలో ఎవరెవరు ఏం కనిపెట్టారో చేర్చు. ఇంట్రడక్షన్ అయిపోయినట్టే. ‘కొలిచిన పని తక్కువ’ అని రాసేముందు మాత్రం గట్టిగా వెతుకు. థాయ్‌లాండ్‌లోనో ఈక్వెడార్‌లోనో ఎవరో కొలిచేసి ఉంటే రివ్యూయర్ అక్కడే పట్టుకుంటాడు. దొరికితే మంచిదే, ‘అక్కడి నీటి ఉప్పదనం వేరు, ఇక్కడిది వేరు’ అని నీ ఖాళీని ఇంకాస్త సన్నం చేసుకోవచ్చు.

ఇక్కడ చిన్న పిడకల వేట. మనవాళ్ల ఆలోచనే వంకర, ఇంగ్లీషువాళ్లది సూటి, అందుకే మనకి ఈ రాత అబ్బదు అనే మాట కొందరు లెక్చరర్ల నోట కూడా వింటుంటాం. రాబర్ట్ కాప్లాన్ అనే అమెరికన్ 1966లో రాసిన ఒక వ్యాసంలో ఇంగ్లీషు పేరాని నిలువు గీతగా, ఆసియావాళ్ల పేరాని సుడిగా బొమ్మ గీశాడు. దాని మీద చాలా విమర్శ వచ్చింది, తర్వాత్తర్వాత ఆయనే ఆ మాట సడలించాడు. బొమ్మ మాత్రం క్లాసుల్లో తిరుగుతూనే ఉంది. నాకు దాని మీద నమ్మకం లేదు. ఎందుకంటావా, నీ చెరువు రైతునే చూడు. పొద్దున్నే గట్టు మీద కలిస్తే ఏమంటాడు? “రొయ్య పైకి వచ్చేసిందండి. తెల్లారగట్ట ఆక్సిజన్ పడిపోయింది. రెండింటికి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు.” ముందు ఫలితం, తర్వాత కారణం, ఆ తర్వాత ఆధారం. ఇంతకంటే సూటిగా ఏ జర్నల్లోనూ ఉండదు. ‘అనాదిగా’ అని అతను మొదలుపెట్టలేదు. డొంకతిరుగుడు మనకి పుట్టుకతో రాలేదు, గైడ్‌బుక్కుల నుంచి వచ్చింది.

అదే రైతు ఇంకో మాట కూడా అంటాడు. “ఆక్సిజనే అనుకుంటున్నామండి, పక్క చెరువులోనూ పోయింది మరి, ఏమో, నీటిలో ఇంకేమైనా ఉందేమో.” తనకు ఎంతవరకు తెలుసో అంతవరకే అన్నాడు. అకడమిక్ ఇంగ్లీషులో అతి కష్టమైన భాగమని అందరూ చెప్పేది దీన్నే. చూసినదానికి ఒక స్వరం, ఊహించినదానికి ఇంకో స్వరం ఉండాలి. తెలుగులో మనకి దీనికి కొదవలేదు: ‘ఉండొచ్చు’, ‘లా ఉంది’, ‘అట’, ‘అనుకుంటా’, ‘కాబోలు’. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎందుకో ఇవన్నీ ఎగిరిపోతాయి. నీ పేజీ చివర ‘లో డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ ఈజ్ ద మెయిన్ కాజ్’ అని ఢంకా బజాయించావు. నీ దగ్గరున్న లెక్క ఏమిటి? ఆక్సిజన్ తగ్గిన చెరువుల్లో రొయ్య బరువు కూడా తక్కువుంది. రెండూ కలిసి కనిపించాయి, అంతే. మేత, సాంద్రత, విత్తనం, ఈహెచ్‌పీ లాంటి జబ్బు, ఇవన్నీ ఒకేలా ఉన్నాయని నువ్వు చూపలేదు. కాబట్టి కారణం అనకు. ‘వాజ్ అసోసియేటెడ్ విత్’ అను. వివరణ ఇచ్చేటప్పుడు ‘మే’, ‘సజెస్ట్’, ‘లైక్‌లీ’ వాడు. అలాగని ప్రతిదానికీ అవే తగిలించకు. నువ్వు మీటర్ పెట్టి కొలిచిన అంకె దగ్గర ‘మే’ అక్కర్లేదు. కొలిచావు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంట్రడక్షన్‌లో తడబడి కన్‌క్లూజన్‌లో గర్జించే పేపర్లు చాలా చూశాను. తలకిందులుగా అన్నమాట.

ఇక లెక్కల సంగతి. నీ పేపర్లో అన్నిటికంటే తేలిగ్గా బాగుపడేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిందీ ఇదే. ‘100 కౌంట్’ అంటే భీమవరంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, కిలోకి వంద రొయ్యలు. నార్వేలో కూర్చున్న రివ్యూయర్‌కి ‘కౌంట్’ అంటే లెక్కపెట్టిన సంఖ్య. వంద రొయ్యలే లెక్కపెట్టావేమో అనుకుంటాడు. సగటు బరువు 10 గ్రాములు అని రాయి. 50 కౌంట్ అయితే 20 గ్రాములు. ‘కౌంట్ తగ్గింది’ అంటే మనకి సంతోషం, రొయ్య పెరిగిందని. వాడికది రొయ్యలు చచ్చాయన్నట్టు వినిపిస్తుంది. ఎకరాకి లక్ష పిల్ల వేశారని రాశావు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి చదరపు మీటరుకి సుమారు 25. జర్నల్లో సాంద్రత అలాగే ఉంటుంది. లక్ష, కోటి అనే అంకెలే బయటివాళ్లకి తెలియవు, కామాలు కూడా వాళ్ల పద్ధతిలో పెట్టాలి.

వరి మీద పని చేసే నీ స్నేహితులకీ ఇదే చెప్పు. ఎకరాకి 40 బస్తాలు అని రాస్తే ఏ బస్తా? మన దగ్గర 75 కిలోల బస్తా. అంటే ఎకరాకి 3,000 కిలోలు, హెక్టారుకి దాదాపు 7.4 టన్నులు. సార్వా, దాళ్వా అని రాస్తే బ్రాకెట్లో నెలలు ఇవ్వాలి. ‘స్వర్ణ’ రకం అంటే సరిపోదు, మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029 అని చెప్పాలి. మన ఊరి మాటలు వాడొద్దని కాదు. ఒకసారి పరిచయం చేసి ఆపైన ఎంతైనా వాడుకో.

ఆక్సిజన్ ఏ వేళప్పుడు కొలిచావన్న ప్రశ్న కూడా ఈ కోవలోదే. ‘డైలీ’ అని మాత్రం రాశావు. రాత్రంతా వెలుతురుండదు, నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, నాచూ రొయ్యా బురదలోని సూక్ష్మజీవులూ కలిసి ఉన్నది వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారేముందు అది అట్టడుగుకి పడుతుంది. అదే చెరువులో మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే అంకె పూర్తిగా వేరు. వేళ చెప్పకపోతే నీ టేబుళ్లన్నీ దండగే. ఎన్ని గంటలకి, ఏ లోతులో, గట్టుకి ఎంత దూరంలో, ఏ మీటరుతో, ఆ మీటరుని ఎప్పుడెప్పుడు సరిచూసుకున్నావో రాయి. మెథడ్స్ రాయడానికి ఒక చిట్కా చెబుతాను. రేపటి నుంచి నువ్వు సెలవులో ఉంటావనుకో, నీ ఫోన్ పనిచేయదు, నీ జూనియర్ ఒక్కతే ఆ కాగితం పట్టుకుని చెరువుల మీదికి వెళ్లి అదే పని చేయాలి. ఆ పిల్ల ఏమేం అడుగుతుందో అవన్నీ ముందే రాసేయ్. పేపరు రాయడం కూడా ఇక్కడి నుంచే మొదలెట్టు. ముందు మెథడ్స్, తర్వాత టేబుళ్లు, రిజల్ట్స్, ఆ తర్వాత డిస్కషన్, ఇంట్రడక్షన్. అబ్‌స్ట్రాక్ట్ ఆఖరున. మెథడ్స్‌లో భాష తేలిక, జరిగింది జరిగినట్టు చెప్పడమే. చేతికి ధైర్యం వస్తుంది.

వ్యాకరణానికి వద్దాం. నీ పేజీలో తప్పులకి ఎరుపు గీతలు పెట్టి, పక్కన ఏ రకమో రాస్తూ పోయాను.

ఎక్కువ గీతలు పడింది ‘ఎ’, ‘ద’ల మీద. తెలుగులో ఆ సామాను లేదు కాబట్టి ఇది జీవితాంతం ఉండే తలనొప్పి. ఒక అలవాటు చేసుకో: లెక్కపెట్టగలిగే వస్తువు ఏకవచనంలో ఉంటే అది ఒంటరిగా నిలబడకూడదు, ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. మొదటిసారి చెబుతుంటే ‘ఎ’, చదివేవాడికి అది ఏదో ఈపాటికే తెలిస్తే ‘ద’. రొయ్యల గురించి మొత్తంగా మాట్లాడుతుంటే ఏదీ వద్దు. ఇంతకుమించి ఇప్పుడు అక్కర్లేదు. మిగిలినవి చివర్లో ఎవరైనా దిద్దుతారు, వాటి వల్ల అర్థం చెడదు.

రెండోది అర్థాన్ని చెడగొడుతోంది. నీ వాక్యాల్లో క్రియ ఎక్కడో చివర ఉంటోంది. “ఎండాకాలం పంటలో కాళ్ల, ఉండి మండలాల్లో ఎంపిక చేసిన ఊళ్లలోని రైతుల చెరువుల్లో తెల్లవారుజామున కొలిచిన ఆక్సిజన్ తక్కువగా ఉంది.” తెలుగులో ఇది హాయిగా సాగిపోతుంది, మన క్రియ ఎప్పుడూ ఆఖరునే కదా. దీన్నే ఇంగ్లీషులో వరసగా ‘ఆఫ్’లతో, ‘ఇన్’లతో అల్లావు. కర్తకీ క్రియకీ మధ్య ఇరవై మాటలు పడ్డాయి. చదివేవాడు ఊపిరి బిగబట్టుకుని క్రియ కోసం ఎదురుచూస్తున్నాడు. కర్త, దాని వెనకాలే క్రియ, ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు అన్నవి రావాలి. అవి మరీ ఎక్కువైతే ఇంకో వాక్యంలో పెట్టు. వాక్యం రాశాక క్రియ కింద గీత గీసి చూసుకో. రెండో లైన్లో పడిందంటే విరగ్గొట్టాలి.

కాలాల విషయం చిన్నది. నువ్వు చేసింది, కనుక్కున్నది భూతకాలంలో రాయి. టేబులు చూపించేది, అందరూ ఒప్పుకున్న సత్యం వర్తమానంలో రాయి. ‘ఈజ్ ప్లేయింగ్’, ‘ఆర్ హావింగ్’ లాంటివి పేపర్లో దాదాపు అవసరం రావు. ‘రీసెర్చెస్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అని బహువచనాలు చేశావు, వాటికి ఎస్ చేర్చరు. ఫైల్లో వెతుకుడు కొట్టి ఒక్కొక్కటీ తీసేయ్, అరగంట పని. ‘వి’ (మేం) అన్న మాట వాడకూడదని మీ గైడ్ గారు అంటే ఆయనతో వాదన వద్దు. ఆ జర్నల్లో ఈమధ్య వచ్చిన పేపర్లు నాలుగు తీసి చూపించు. చాలా జర్నళ్లలో ఇప్పుడు ‘మేం కొలిచాం’ అని నేరుగా రాస్తున్నారు.

ఆ పేపర్లనే నీ పాఠ్యపుస్తకంగా పెట్టుకో. మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో దొరికేవి సమాచారం కోసం చదువు, ఇంగ్లీషు కోసం వద్దు. చాలావాటిలో నీ పాత మొదటి వాక్యమే ఎదురవుతుంది. జర్నల్ పేపరు ఒకటి ప్రింట్ తీసుకుని రోజుకి ఒక్క పేరా చాలు, పక్క ఖాళీలో తెలుగులోనే రాస్తూ వెళ్లు: ఈ వాక్యం తెలిసిన సంగతి, ఇది లోటు చూపిస్తోంది, ఇది అంకె, ఇక్కడ ఇంకొకరితో విభేదిస్తున్నాడు, ఇక్కడ వెనక్కి తగ్గాడు. వారం తిరిగేసరికి మాటల కింద ఉన్న అస్థిపంజరం కనిపిస్తుంది. మాటల కూర్పులు కూడా అక్కడే ఏరుకో. ‘లిటిల్ ఈజ్ నోన్ అబౌట్’, ‘ఇన్ కాంట్రాస్ట్ టు’, ‘వన్ పాజిబుల్ ఎక్స్‌ప్లనేషన్ ఈజ్’ లాంటివి ఎవరి సొంత ఆస్తీ కావు. మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటివన్నీ పోగుచేసి అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ పేరుతో ఉచితంగా నెట్‌లో పెట్టారు. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్ కూడా ఉంది, 570 పద కుటుంబాలు. దాన్ని బట్టీపట్టకు, మళ్లీ ఇంటర్‌కి వెళ్లిపోతావు. నీకు తెలియనివి ఎన్నున్నాయో చూసుకోవడానికి పనికొస్తుంది.

కూర్పు తీసుకోవడం వేరు, ఇంకొకరి విషయమున్న వాక్యం తీసుకుని రెండు మాటలు మార్చడం వేరు. నీ రెండో పేరాలో ఆ పని జరిగింది. నీ వాక్యాలకీ దానికీ చదవగానే తేడా తెలుస్తోంది. దొంగతనం ఉద్దేశం నీకు లేదని తెలుసు, నా ఇంగ్లీషు కంటే వాళ్లదే బాగుంటుందన్న భయం. కాపీ రాతల మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు మాత్రం భయాన్ని లెక్కలోకి తీసుకోవు. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా వదిలేస్తారు. 10 దాటి 40 లోపు ఉంటే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

దీనికి మందు తెలుగులోనే ఉంది. నువ్వు వాడుకోవాలనుకున్న పేపర్లో సంబంధిత పేజీ చదువు, మూసెయ్. ఇంట్లో ఎవరికైనా అందులో ఏముందో తెలుగులో చెప్పు. మీ నాన్నగారికో మేనమామకో చెరువుంటే మరీ మంచిది, “అయితే ఏంటంట?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకి నువ్వు చెప్పిన జవాబే నీ పేపర్లో రావాల్సిన వాక్యం. అది ఇంగ్లీషులో రాసుకుని, అప్పుడు అసలు పేపరు తెరిచి అంకెలు సరిచూసుకో. ఎంత వంకర ఇంగ్లీషైనా అది నీది, దిద్దుకోవచ్చు.

మీ ఫ్రెండ్ సలహాకి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. పేపరు మొత్తం తెలుగులో రాసి మార్చడం రెండింతల చాకిరీ. సగం మాటలు ఎలాగూ ఇంగ్లీషువే, మిగతా సగానికి నువ్వు తెలుగు వెతుక్కుంటూ కూర్చుంటావు. చెప్పదలచుకున్నది ఏమిటో తేల్చుకోవడానికి ఐదారు వాక్యాలు తెలుగులో రాసుకో, అక్కడితో ఆపు.

మీ తమ్ముడి సలహా పూర్తిగా తీసిపారేయను. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చాక నాకొచ్చే డ్రాఫ్టుల్లో స్పెల్లింగ్ తప్పులు మాయమయ్యాయి. వాటితోపాటు మనిషి కూడా మాయమయ్యాడు. నీ పేరా ఇచ్చి, ‘తప్పులు మాత్రం చూపించు, ఎందుకు తప్పో చెప్పు, తిరిగి రాయొద్దు’ అని అడుగు. అర్ధరాత్రి కూడా విసుక్కోని ట్యూషన్ మాస్టారు దొరికినట్టే. ‘ఇంట్రడక్షన్ రాసి పెట్టు’ అన్నావంటే చిక్కుల్లో పడతావు. లేని పేపర్లను ఉన్నట్టు రిఫరెన్సులు ఇస్తుంది. నువ్వు ‘మే’ అన్నచోట ‘క్లియర్‌లీ డెమాన్‌స్ట్రేట్స్’ అని ఊపు తెస్తుంది. నీ ‘కౌంట్’ని ‘నంబర్’ అని దిద్దేస్తుంది. అది మార్చిన ప్రతి మాటా నువ్వు ఒప్పుకున్నాకే ఉంచు. వాడినట్టు ప్రకటించాలని చాలా పబ్లిషర్లు ఇప్పుడు అడుగుతున్నారు, ఆ జర్నల్ సూచనలు చదివి ఉన్నదున్నట్టు రాసెయ్.

ఏజెంటు వద్దు. అతను చెరువు చూడలేదు, నీ డేటా అర్థం కాదు. తిరిగి రాస్తే ఎక్కడి నుంచి తెచ్చి అతికిస్తాడో తెలియదు, రేపు పట్టుబడితే పేరు నీది. ‘పబ్లికేషన్ గ్యారంటీ’ అని కూడా అన్నాడంటే ఫోన్ పెట్టెయ్. డబ్బిచ్చి భాష దిద్దించుకోవడంలో తప్పులేదు, నిజాయితీగా చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లు వాక్యాలు దిద్దుతారు, వాదన జోలికి రారు. విషయమంతా తేలాక, ఆఖరి వారంలో అయితే ఆ ఖర్చుకి అర్థముంటుంది. అంతకంటే ముందు నీ డిపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఇద్దరు స్కాలర్లతో కూడి, వారానికోసారి ఒకరి రెండు పేజీలు ఇంకొకరు చదివే ఏర్పాటు చేసుకో. వాళ్లలో ఒకరిది రొయ్య కాకపోవడం మంచిది. బోటనీ అమ్మాయి “ఇది అర్థం కాలేదే” అన్నచోటల్లా రివ్యూయర్ కూడా ఆగుతాడు.

‘మాతృభాష ఇంగ్లీషైనవారు’ అన్న మాటకి నొచ్చుకోకు, వెతుక్కుంటూ కూడా పోకు. బాగా ఇంగ్లీషు రాయగలిగి, ఆక్వా తెలిసినవాళ్లు దిద్దితే చాలు. కాకినాడలో కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ వాళ్ల కేంద్రం ఉంది. మీ గైడ్ గారి ద్వారా అక్కడి శాస్త్రవేత్త ఎవరినైనా మర్యాదగా అడిగి చూడండి. పేపరంతా పంపకండి, డిస్కషన్ మాత్రం పంపండి. రెండు పేజీలైతే బిజీగా ఉన్నవాళ్లు కూడా చూస్తారు.

సవరించిన పేపరుతోపాటు రివ్యూయర్లకి జవాబు కాగితం వెళ్లాలి. దీన్ని చాలామంది హడావుడిగా ఆఖరి రాత్రి రాస్తారు. నువ్వు మొదటి రోజే మొదలెట్టు, అదే నీ పనుల చిట్టా అవుతుంది. వాళ్ల వ్యాఖ్య ఒక్కొక్కటీ ఉన్నదున్నట్టు దించి, కింద ఏం మార్చావో, ఏ పేజీలో ఏ లైన్లో మార్చావో రాయి. ప్రతి జవాబుకీ ముందు ధన్యవాదాల దండకం వద్దు, మొదట్లో ఒకసారి చాలు. ఒప్పుకోని వ్యాఖ్య ఉంటే ఒప్పుకోనని చెప్పొచ్చు, కారణం చూపించు. మేత సంగతి అడిగాడు కదా, రైతుల మేత రికార్డులు నీ దగ్గరుంటే టేబులు చేర్చు. లేకపోతే ‘మేత వివరాలు సేకరించలేదు, ఇది ఈ పని పరిమితి’ అని డిస్కషన్‌లో ఒక వాక్యం పెట్టి, అదే ఇక్కడా చెప్పు. రివ్యూయర్లు దానికి కోప్పడరు, దాచిపెడితే కోప్పడతారు.

రెండు నెలలు చాలకపోతే గడువు దాటేదాకా నానబెట్టకు. రెండు వారాల ముందే ఎడిటర్‌కి మెయిల్ పెట్టి ఇంకో మూడు వారాలు అడుగు, సాధారణంగా ఇస్తారు. పేపరు నంబరు, ఎంత టైము కావాలి, ఎందుకు కావాలి, ఇంతే రాయి. ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రిగార్డ్స్’ అని మాత్రం మొదలుపెట్టకు.